మధుమేహమును కంటిచూపును: తొలి మార్పులను కనిపెట్టు విధము

మన పాఠశాలలో చదువు బాలబాలికల యిండ్లలో మధుమేహమను మాట వినబడని యిల్లు అరుదు. కొందఱు దానిని చక్కెరవ్యాధి యందురు. ఎక్కువమంది షుగరు అందురు. తాతగారికి కలదనియు, అమ్మమ్మగారికి కలదనియు, ఇటీవల నాన్నగారికిని వచ్చినదనియు పిల్లలు చెప్పుచుందురు. భారత వైద్య పరిశోధన మండలివారు దేశమంతటను జరిపించి 2023వ సంవత్సరమున ప్రకటించిన పరిశీలనను బట్టి మన దేశమున పది కోట్లకు పైబడిన జనులు ఈ వ్యాధి గలవారు. పల్లెలలోకంటె పట్టణములలో దీని వ్యాప్తి యెక్కువ. ఉదయము మొదలు రాత్రివఱకు కుర్చీలలో కూర్చుండి పనిచేయువారును, వేళకు భోజనము లేక పరుగులెత్తువారును నిండియున్న అమీర్‌పేట, పంజగుట్ట వంటి చోట్ల ఈ మాట తఱచుగా వినబడుటలో వింత లేదు.

ఈ వ్యాధిని గూర్చి మనవారికి కొంత తెలియును. తీపి తగ్గింపవలెననియు, మాత్రలు వేళకు వేసికొనవలెననియు, కాలికి పుండు పడకుండ చూచుకొనవలెననియు ఎఱుగుదురు. కాని కంటిని గూర్చి ఎఱిగినవారు తక్కువ. ఎఱిగినవారిలోను చాలమంది, “చూపు మందగించినప్పుడు వైద్యుని యొద్దకు పోవుదము, అంతవఱకు ఏల?” అని తలంతురు. ఈ తలంపు వలననే యనేకులు చూపు పోగొట్టుకొనుచున్నారు. ఏలయనగా మధుమేహము కంటిలో చేయు కీడు మొదట చూపును తాకదు. చూపును తాకునప్పటికి ఆ కీడు తొలి దశలను దాటి చాల దూరము పోయియుండును. ఇది యెట్లు జరుగునో, దానిని ముందుగా కనిపెట్టుటకు మార్గమేమో, మన యిండ్లలో మనము చేయదగిన దేమో ఈ వ్యాసమున వివరింపబూనుచున్నాను.

కంటి నిర్మాణము

కన్ను ఛాయాచిత్రములు తీయు కెమేరా వంటిదని తరగతిలో చెప్పుదుము. ముందుభాగమున అద్దమువంటి స్వచ్ఛమైన కార్నియా యున్నది. దాని వెనుక కనుపాప, కనుపాప వెనుక కటకము, కటకము వెనుక గ్రుడ్డునిండ జిగురువంటి కాచద్రవము ఉండును. అన్నిటికిని వెనుక, గోడకు కాగిత మంటించినట్లు, నేత్రపటలమను పలుచని పొర యున్నది. దీనినే వైద్యులు రెటీనా అందురు. దీని మందము మిల్లిమీటరులో నాల్గవవంతు మాత్రము. వెలుతురు దీనిమీద పడి చిత్రమేర్పడును. ఆ చిత్రపు వార్త దృక్‌నాడి ద్వారా మెదడునకు పోవును.

నేత్రపటలము నడుమ పచ్చచుక్క యను మిక్కిలి చిన్న తావు కలదు. అక్షరములు చదువుట, సూదిలో దారమెక్కించుట, ముఖములను గుర్తుపట్టుట మొదలగు సూక్ష్మమైన పనులన్నియు దీని సహాయమున జరుగును. మిగిలిన భాగమంతయు ప్రక్కచూపునకును, మసకచీకటిలో నడచుటకును ఉపకరించును. ఈ భేదమును జ్ఞాపకమందుంచుకొనవలెను. ముందు చెప్పబోవు విషయమున కిది కీలకము.

మధుమేహము చేయు కీడు

నేత్రపటలము పలుచనిదైనను, దానికి కావలసిన ప్రాణవాయువు మిక్కిలి యధికము. ఆ వాయువును తెచ్చునవి వెండ్రుకకంటె సన్ననైన రక్తకేశనాళికలు. వీనిని పొలములోని పంటకాలువలతో పోల్చవచ్చును. కాలువ గట్టు బలముగ నున్నంతకాలము నీరు చేరవలసిన మడికి చేరును. రక్తములో చక్కెర సంవత్సరముల తరబడి మితి మీఱియుండిన యెడల ఈ నాళముల గోడలు బలహీనమగును.

గట్టు బలహీనపడిన కాలువకు నాలుగు గతులు కలుగును. మొదట గోడ అక్కడక్కడ ఉబ్బి చిన్న బుడిపెలగును. ఇవియే వ్యాధియొక్క తొలి చిహ్నములు. వైద్యుని పరికరమునకు సన్నని యెఱ్ఱచుక్కలవలె కనబడును. పిమ్మట గోడలనుండి రక్తమును, దానిలోని నీరును, క్రొవ్వును కొంచెము కొంచెముగా ఊఱి నేత్రపటలములో చేరును. ఈ ఊట పచ్చచుక్క యొద్ద చేరినప్పుడు అచ్చట వాపు కలిగి చదువుచూపు చెడును. మూడవది, కొన్ని కాలువలు పూడిపోవును. అవి పాఱించుచుండిన భాగమునకు ప్రాణవాయువు కొఱతపడును. నాల్గవది యన్నిటికంటె అపాయకరము. ప్రాణవాయువు లేని భాగము క్రొత్త నాళములు మొలచుటకై సంకేతములు పంపును. అట్లు మొలచిన నాళములు క్రమము లేనివి, గట్టిదనము లేనివి. అవి పగిలి కాచద్రవములోనికి రక్తము కాఱినప్పుడు ఒక్క పూటలో చూపు మూసికొనిపోవచ్చును. వాని చుట్టు ఏర్పడిన మచ్చలు ముడుచుకొని నేత్రపటలమును గోడనుండి లాగివేయుటయు కలదు.

ఈ వ్యాధిని వైద్యులు డయాబెటిక్ రెటినోపతి యందురు. ఇది సాధారణముగ రెండు కన్నులకును వచ్చును గాని, రెండింట సమానముగ నుండవలెనను నియమము లేదు. మధుమేహము వచ్చి ఎన్నియేండ్లయిన అంత ఎక్కువగ ఇది కనబడును. మన హైదరాబాదు నగరములోనే 1990ల చివర ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థవారు జరిపిన సర్వేలో, తమకు మధుమేహము కలదని చెప్పినవారిలో ఇంచుమించు ఐదుగురికి ఒకరి కంటిలో ఈ మార్పులు కనబడినవి.

చూపు ఏల చెడినట్లు తోచదు?

కంటిలో ఇంత జరుగుచుండగా రోగికి ఏల తెలియదని మీరడుగవచ్చును. దీనికి మూడు కారణములు కలవు.

మొదటిది: తొలి బుడిపెలును, రక్తపుచుక్కలును పచ్చచుక్కకు దూరముగ నున్నంతకాలము చదువుచూపునకు భంగము లేదు. గోడమీది అక్షరముల బోర్డును రోగి చివరి వరుసవఱకు తడబాటు లేక చదువగలడు. హాలండు దేశస్థుడైన స్నెలెన్ 1862వ సంవత్సరమున తయారుచేసిన ఆ బోర్డు అక్షరములను చదువుశక్తిని కొలుచును. నేత్రపటలములోని నాళముల స్థితిని చెప్పజాలదు. కావున ఆఱు మీటర్ల దూరమునుండి యంతయు చదివినవాని కంటిలోను వ్యాధి ముదిరియుండవచ్చును.

రెండవది: మనము రెండు కన్నులతో చూతుము. ఒక కంటి లోపమును రెండవ కన్ను కప్పివేయును. ఒక కంటిచూపు సగము పోయిన పిమ్మట, ఏదో పనిమీద రెండవ కన్ను మూసికొన్నప్పుడు గాని ఆ సంగతి తెలియనివారు కలరు.

మూడవది: ఈ వ్యాధిలో నొప్పి లేదు, ఎఱుపు లేదు, నీరు కాఱుట లేదు. కంటిలో నలుసు పడిన వెంటనే పరుగెత్తు మనుష్యుడు నొప్పిలేని కీడును గూర్చి తొందరపడడు. పైగా మార్పు నెమ్మదిగ వచ్చును గనుక, నిన్నటి చూపునకును నేటి చూపునకును భేదము తోచదు.

ఒక దర్జీని భావింపుడు. అతనికి నలువదియెనిమిది యేండ్లు. మధుమేహము వచ్చి తొమ్మిదియేండ్లయినది. అమీర్‌పేట బట్టల దుకాణముల నడుమ ఒక చిన్న గదిలో కుట్టుపని చేయుచున్నాడు. సూదిలో దారమెక్కించుట కష్టమైనప్పుడు నలువది దాటినవారి కందఱికి వచ్చు చత్వారమే యనుకొని, కాలిబాటప్రక్కన నమ్ము కండ్లజోడు నొకటి కొనును. అది కొంతకాలము పనిచేయును. మరల మసకబారగా ఇంకొక నంబరుది కొనును. మూడవ జోడు కొనునప్పటికి పచ్చచుక్కలో వాపు ముదిరియుండును. అతని కుటుంబము జీవించునది ఆ రెండు కన్నులమీదనే. మొదటి జోడు కొన్ననాడే ఒకరు అతని కంటి లోపలిభాగమును చూచియుండిన యెడల, అతని పనియు పిల్లల చదువును నిలుచుటకు మార్గముండెడిది. చత్వారము నిజమే కావచ్చును. చత్వారముండుట చేత వేఱొక వ్యాధి లేదని యర్థము కాదు.

తాత్కాలికమైన మసక, నిలుకడగల మార్పు

చక్కెరవలన చూపులో కలుగు మార్పులన్నియు నేత్రపటలమునకు సంబంధించినవి కావు. రక్తములో చక్కెర హెచ్చినప్పుడు కంటి కటకములోనికి నీరు చేరి, దాని ఆకారము కొంచెము మాఱును. అందుచేత కొన్ని దినములు దూరపు వస్తువులు మసకగ కనబడవచ్చును. అప్పటివఱకు చదువుకద్దములు వాడినవారు అద్దములు లేకయే చదువగలుగుటయు కలదు. వారు చూపు బాగుపడినదని సంతోషింతురు. చికిత్స ప్రారంభించి చక్కెర దిగినప్పుడు కటకము మరల మాఱును. చూపు తిరిగి మాఱును. ఇట్టి మసక కొన్ని వారములలో సర్దుకొనును. కావున చక్కెర నిలుకడకు రాకముందు క్రొత్త కండ్లజోడు చేయించుకొనుట సొమ్ము వృథాచేయుటయే.

కాని యిందు రెండు హెచ్చరికలు కలవు. ఒకటి, మసక ఉదయమొక విధముగను సాయంకాలమొక విధముగను ఉన్నచో అది చక్కెర అదుపులో లేదనుటకు గుఱుతు కావచ్చును, రక్తపరీక్ష చేయించుకొనవలెను. కొందఱికి తమకు మధుమేహము కలదను సంగతి ఈ గుఱుతువలననే తెలియును. రెండు, మసక తాత్కాలికమో కాదో రోగి తనంతట నిర్ణయింపరాదు. కటకపు మసకయు, పచ్చచుక్కలోని వాపువలన కలుగు మసకయు రోగికి ఒక్కటిగనే తోచును. మధుమేహుల కంటిలో శుక్లము ఇతరులకంటె ముందుగ వచ్చుటయు కలదు. వీనిని వేఱుపఱచుట వైద్యుని పని.

గమనింపదగిన గుఱుతులు

తొలి దశలో గుఱుతులుండవని చెప్పితిని. అయినను కొందఱిలో సూక్ష్మమైన మార్పులు కనబడవచ్చును. మసకచీకటిలో మెట్లు దిగుట పూర్వముకంటె కష్టమగుట. వెలుతురు గదినుండి చీకటి గదిలోనికి పోయినప్పుడు కన్ను అలవాటుపడుటకు ఎక్కువసేపు పట్టుట. నీలమునకును నలుపునకును, పసుపునకును తెలుపునకును భేదము చక్కగ తోచకుండుట. బూడిదరంగు కాగితముమీద సన్నని అక్షరములు అస్పష్టమగుట: ఇవి యట్టివి. ఇవి యితర కారణములవలనను కలుగవచ్చును. కావున ఇవి యున్నంతమాత్రమున భయపడనక్కఱలేదు. ఇవి లేనంతమాత్రమున నిశ్చింతగ నుండరాదు.

మఱికొన్ని గుఱుతులు ఆలస్యమున కెడమియ్యనివి. సరళరేఖలు వంకరగ కనబడుట, చదువుచున్న మాట నడుమ ఒక మచ్చ నిలిచియుండుట, పచ్చచుక్కలో వాపునకు సూచకములు కావచ్చును. వానిని కొలది దినములలోనే చూపించుకొనవలెను. కన్నుల యెదుట అకస్మాత్తుగ నల్లని దారములు, మసిబొట్లు, సాలెగూళ్లు తేలాడుట. మూసిన కంటిలోను మెఱపులు కనబడుట. ఒక ప్రక్కనుండి తెఱ దించినట్లు చీకటి కమ్ముట. ఒక కంటిచూపు ఒక్కసారిగ పోవుట: వీనిలో ఏది కలిగినను మఱునాటివఱకు వేచియుండరాదు. ఆ పూటనే కంటి ఆసుపత్రికి చేరవలెను.

ఇంటియందు చేయదగిన పరీక్ష

విద్యార్థులారా, ఈ భాగము విశేషముగ మీకొఱకు. మీ యింట మధుమేహము గల పెద్దలున్నచో నెలకొకసారి ఈ పని మీరు చేయవచ్చును. పది నిమిషములు పట్టును, ఖర్చు లేదు.

గోడమీది తెలుగు క్యాలెండరులో తేదీల క్రింద తిథి, నక్షత్రములు చిన్న అక్షరములలో అచ్చువేయబడి యుండును. పెద్దవారిని, వారు చదువుకద్దములు వాడువారైన అద్దములతోనే, ప్రతిసారి ఒకే చోట, ఒకే వెలుతురులో కూర్చుండబెట్టుడు. ఒక కంటిని అఱచేతితో, ఒత్తకుండ, మూయుమనుడు. వ్రేళ్ల సందులనుండి చూడకుండ చూడుడు. తెఱచిన కంటితో ఒక వరుస చదువుమనుడు. పిమ్మట రెండవ కంటితో చదివింపుడు. తరువాత కిటికీ ఊచలనో, తలుపు చట్రమునో ఒక్కొక్క కంటితో చూచి, గీతలు తిన్నగ నున్నవో వంగినవో, నడుమ ఎక్కడనైన తెగినవో చెప్పుమనుడు. గడులు గీచిన లెక్కల కాగితము నడుమ ఒక చుక్క పెట్టి, ఆ చుక్కనే చూచుచు చుట్టునున్న గడులను గూర్చి చెప్పుమన్నను సరియే. స్విట్జర్లాండు వైద్యుడైన ఆమ్‌స్లర్ ప్రవేశపెట్టిన గడుల పటమునకు ఇదియే సూత్రము. దూరపుచూపునకు వీధి చివరి దుకాణపు బోర్డునో, ఎదురుగ వచ్చు సిటీబస్సు అంకెనో గుఱిగ పెట్టుకొనవచ్చును.

ఒక నోటుపుస్తకములో తేదీ, కుడికన్ను, ఎడమకన్ను అని మూడు గళ్లు గీచి ఫలితము వ్రాయుడు. పోయిన నెలకును ఈ నెలకును భేదమున్నచో వైద్యునికి చూపుడు. అయితే ఒక్క సంగతి మఱువరాదు. ఈ పరీక్ష చెడిన చూపును కనిపెట్టగలదు. చెడబోవు చూపును కనిపెట్టలేదు. “క్యాలెండరు చక్కగ చదివినాను, ఇక ఆసుపత్రి యేల?” అని పెద్దలన్నచో పైన చెప్పిన మూడు కారణములను వారికి వినయముతో వివరింపుడు.

వైద్యుడు చూచు విధము

పంజగుట్టకు చేరువనే బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరు వహించిన పరిశోధన సంస్థయొక్క పాత భవనము కలదు. మలేరియా క్రిమి దోమ కడుపులో నుండుటను ఆ వైద్యుడు సికింద్రాబాదున సూక్ష్మదర్శినితో చూచినది 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన. అంతవఱకు చెడుగాలి యనియు, చిత్తడినేల యనియు జనులు పలువిధముల ఊహించిరి. సరియైన చోట, సరియైన పరికరముతో చూచినప్పుడు ఊహ తీఱి నిజము తెలిసినది. కంటివైద్యములోను ఇట్లే జరిగినది. జర్మనీ దేశమున హెల్మ్‌హోల్ట్‌జ్ 1851వ సంవత్సరమున నేత్రాంతర్దర్శినిని ప్రకటించువఱకు, బ్రదికియున్న మనుష్యుని నేత్రపటలమును వైద్యుడు చూడజాలకుండెను. ఆ పరికరము వచ్చిన కొలదియేండ్లకే మధుమేహుల కంటిలోని మచ్చలను వైద్యులు వర్ణింప మొదలిడిరి.

నేడు ఈ పరీక్ష చేయు విధము తేలిక. మొదట అక్షరముల బోర్డు చదివింతురు. కంటి ఒత్తిడిని కొలుతురు. పిమ్మట కనుపాప పెద్దదగుటకు చుక్కలమందు వేయుదురు. ఇరువది, ముప్పది నిమిషములలో కనుపాప విప్పారును. చిన్న కిటికీలోనుండి గది మూలలు కనబడవు. కిటికీ పెద్దదైనప్పుడు కనబడును. అప్పుడు వైద్యుడు వెలుతురు ప్రసరింపజేసి నేత్రపటలము నంతటిని చూచును. అవసరమైన ఫోటోలు తీయుదురు. పచ్చచుక్కలో వాపున్నదేమో తెలిసికొనుటకు ఓ.సి.టి. యను యంత్రముతో నేత్రపటలపు పొరల మందమును కొలుతురు. ఇందులో కోత లేదు, సూది లేదు. చుక్కలమందు వలన కొన్ని గంటలు దగ్గఱచూపు మసకగను, ఎండ భరింపరానిదిగను ఉండును. అందుచేత ఆ దినమున స్వయముగ బండి నడుపరాదు. తోడు నొకరిని తీసికొని, నల్లకండ్లజోడు వెంటనుంచుకొని పోవలెను. ఈ తోడుపని ఉన్నత తరగతుల విద్యార్థులు చక్కగ చేయగలరు.

ఇటీవల కనుపాపను పెద్దది చేయకయే ఫోటో తీయు కెమేరాలును, ఆ ఫోటోలను పరిశీలించి వ్యాధిచిహ్నములను గుర్తింపగల కంప్యూటరు పద్ధతులును వచ్చినవి. 2016వ సంవత్సరమున ప్రకటింపబడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో మన దేశపు కంటి ఆసుపత్రుల ఫోటోలును ఉపయోగింపబడినవి. నేత్రవైద్యులు లేని చోట్ల ఇవి మేలుచేయును. ఫోటోలో అనుమానమున్నవారు మాత్రము వైద్యుని యొద్దకు పోవలసినదే.

ఎప్పుడెప్పుడు చూపించుకొనవలెను?

పెద్దవారికి సాధారణముగ వచ్చు రెండవ రకపు మధుమేహమున, వ్యాధి బయటపడిననాడే కన్నులను చూపించుకొనవలెను. ఏలయనగా అది బయటపడుటకు ఎన్నో యేండ్ల ముందే దేహములో మొదలైయుండవచ్చును. ఆ పిమ్మట సంవత్సరమున కొకసారి తప్పక చూపించుకొనవలెను. పిల్లలకును యువకులకును తఱచుగ వచ్చు, మొదటినుండియు ఇన్సులిన్ వాడవలసిన మొదటి రకమునందు, వ్యాధి వచ్చిన ఐదేండ్ల లోపల పరీక్షలు ప్రారంభింపవలెను. మధుమేహముండి గర్భవతులైన స్త్రీలు తొలి మూడు నెలలలోనే చూపించుకొని, వైద్యుడు చెప్పినట్లు మరల మరల పోవుచుండవలెను. గర్భధారణకాలమున ఈ వ్యాధి వేగముగ ముదురవచ్చును. మార్పులు ఇదివఱకే కనబడినవారు వైద్యుడు చెప్పిన గడువున, అది మూడు నెలలైనను ఆఱు నెలలైనను, పోవలెను.

ఇందుకు మన ప్రాంతమువారికి దూరప్రయాణము అక్కఱలేదు. పంజగుట్టనంటియున్న బంజారాహిల్సులో ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థ కలదు. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987వ సంవత్సరమున స్థాపించిన ఈ సంస్థకు, చలనచిత్ర దర్శకులును నిర్మాతలును అయిన ఎల్.వి. ప్రసాదుగారు విరాళమిచ్చిరి; వారి పేరే దానికి నిలిచినది. పేదలకు ఉచితముగ చికిత్స చేయుట ఈ సంస్థ నియమములలో నొకటి. మెహిదీపట్నమువైపున సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి కలదు. మధుమేహ చికిత్సకు పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో ఎండోక్రైనాలజీ శాఖ కలదు. రక్తములో చక్కెరను పరీక్షింపజేసికొనుటకు బస్తీ దవాఖానలు ఇండ్లకు చేరువనే యున్నవి.

తెలంగాణ ప్రభుత్వము 2018వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ప్రారంభించిన “కంటి వెలుగు” కార్యక్రమమునందును, 2023వ సంవత్సరము జనవరిలో ఖమ్మమున మొదలిడిన రెండవ విడతయందును లక్షలకొలది జనులు కండ్లజోళ్లు పొందిరి. అది గొప్ప మేలే. అట్లు జోడు పొందిన మధుమేహులు, కనుపాప పెద్దదిచేసి లోపల చూచిరా లేదా యని జ్ఞాపకము చేసికొనవలెను. చూడనియెడల ఆ పరీక్ష యింకను మిగిలియున్నది.

ముందుగ కనిపెట్టినందువలని లాభము

వ్యాధి తొలి దశలో కనబడినప్పుడు కంటికి చికిత్సయే అవసరముండకపోవచ్చును. దేహమును అదుపులో నుంచుకొనుటయే మందు. 1993వ సంవత్సరమున అమెరికాలో ముగిసిన పెద్ద పరిశోధన, మొదటి రకపు మధుమేహమున చక్కెరను గట్టిగ అదుపుచేసినవారిలో ఈ కంటివ్యాధి క్రొత్తగ వచ్చుట నూటికి 76 వంతులు తగ్గినదని తెలిపెను. ఇంగ్లండులో 1998వ సంవత్సరమున ప్రకటింపబడిన మఱియొక పరిశోధన, రెండవ రకమున చక్కెరతోపాటు రక్తపుపోటును తగ్గించుటవలనను కన్నులకు రక్షణ కలుగునని చూపెను. క్రొవ్వు, పొగత్రాగుడు, మూత్రపిండముల స్థితి ఇవియు లెక్కలోనివే. చిరకాలము హెచ్చుగ నున్న చక్కెరను ఒక్కసారిగ దించినప్పుడు కొందఱికి కంటివ్యాధి కొంతకాలము ముదురుట కలదు. అందుచేత మందులు మానరాదు. అట్టి చికిత్సకు ముందును, జరుగుచుండగను కన్నులను చూపించుకొనవలెను.

వ్యాధి ముదిరినప్పుడును దారి మూసికొనిపోలేదు. క్రొత్త నాళములు మొలచిన కంటికి తగిన వేళ లేజరు కిరణములతో చికిత్స చేసినచో తీవ్రమైన చూపునష్టము సగమునకు పైగా తగ్గునని 1970లలోనే తేలినది. పచ్చచుక్క వాపునకు కంటిలోనికిచ్చు సూదిమందులు కలవు. రక్తము నిండిన కాచద్రవమును శస్త్రచికిత్సచే తొలగింతురు. అయితే ఇవి యెక్కువగ ఉన్న చూపును నిలుపునవి. పోయిన చూపునంతయు తిరిగి తెచ్చునని ఆశింపరాదు. ఎంత ముందుగ పోయిన అంత చూపు మిగులును.

పెద్దలు చెప్పు ఆటంకములు

“చుక్కలు వేసిన ఆ పూట పని పోవును” అందురు. నిజమే, సంవత్సరమునకు ఒక పూట. చూపు పోయిన పిమ్మట పోవు పూటలను లెక్కింపుమనుడు. “షుగరు అదుపులో నున్నది గదా” అందురు. ఇప్పుడు అదుపులో నున్నను, పూర్వపు సంవత్సరముల ప్రభావము కంటిలో మిగిలియుండవచ్చును. “నాకు మొన్ననే అద్దములిచ్చినారు” అందురు. అద్దములు కటకపు లోపమును దిద్దును, నేత్రపటలమును బాగుచేయవు. “ఎవరో ఆకుపసరు పోయుదురట” అనువారు కలరు. పసరు కంటి పైపొరకు పుండు కలిగింపవచ్చును. వెనుకనున్న నాళములను అది చేరదు.

అమ్మలు ఈ విషయమున తమ్ముతాము వెనుకకు నెట్టుకొందురు. నాన్నగారిని ఆసుపత్రికి పంపుదురు, అత్తగారిని పంపుదురు. తమ వంతు పండుగ తరువాత, పరీక్షల తరువాత అని వాయిదా వేసికొందురు. ఇంట మధుమేహము గల స్త్రీ యున్నచో ఆమె తేదీని మిగిలినవారు జ్ఞాపకముంచుకొనవలెను.

విద్యార్థులారా, ఈ సంచిక మీ యింటికి చేరిన దినమున ఒక్క ప్రశ్న అడుగుడు: “కడపట మీ కనుపాపలో చుక్కలు వేసి చూచినది ఎప్పుడు?” సంవత్సరము దాటియున్నను, జ్ఞాపకము లేకున్నను, క్యాలెండరుమీద రాబోవు నెలలో ఒక తేదీని గుర్తుపెట్టి, ఆ దినమున మీరు తోడు పోవుడు. పాఠశాలకు సెలవు కావలసినయెడల చీటి వ్రాసి తెచ్చిన తరగతి ఉపాధ్యాయులు కాదనరు.